ఒడియా నాలుగు

పర్లాకిమిడిలో డాక్టరుగారి గుమ్మానికి
కాశీనగర్ నుంచి మొదటి బస్సుకే వచ్చాను తొలిసారి.
అయినా నా సీరియల్ నంబరు పంతొమ్మిది.
ముందున్న పద్దెనిమిది మంది
ఏ రాత్రి బయల్దేరారో!

గాజు కిటికీకి అరచేతంత కన్నం.
నోరు ఆనిస్తే చెవి అందదు,
చెవి ఆనిస్తే నోరు అందదు.
అవతల లింగరాజు
తలెత్తకుండానే "బసంతు" అంటాడు.
కూర్చున్నాను.
బెంచీకి మూడే కాళ్ళు,
నాలుగో కాలు మందుల అట్టపెట్టె.

పేరు చెప్పాను, బెవర తవుడమ్మ.
అతను రాసుకుంది తబుడామా బెహెరా.
ఒక్క గీతకి
మా మావగారి ఇంటిపేరు వంశధార దాటేసింది.
"బెహెరా కాదు బాబూ, బెవర."
"రెండూ ఒకటేలే" అన్నాడు, తెలుగులోనే.
తెలుగు వచ్చును అతనికి.
విసుక్కోవాల్సినప్పుడు వస్తుంది.

మెడ కింద రేగిపండంత గడ్డ.
సూదితో లాగి బరంపురం పంపారు.
"రిపోర్టు వస్తే మేమే ఫోన్ చేస్తాం."

బడిలో పిల్లలకి వండుతాను నేను.
ఎసరు మరిగేదాకా ఆగడం నాకెవరూ నేర్పక్కర్లేదు.
ఫోను కొంగున కట్టుకుని గంజి వార్చాను.
మోగినప్పుడల్లా చేతిలో తెడ్డు ఆగేది.
లోను కావాలా అని ఒకడు,
రీచార్జి అయిపోతోందని ఒకత్తె.
నేను చేస్తేనా, అవతల మోగి మోగి పడుకునేది.
ఒక్కసారి ఎత్తారు.
"ఆసినీ."
రాలేదట.
ఎవరిదని అడక్కుండానే రాలేదట.

రాత్రిళ్ళు వేలు తనంతట తనే గడ్డ మీదికి పోయేది,
పెరిగిందా, తరిగిందా,
నిన్న ఇక్కడే ఉందా.
ఓ రోజు పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.
హెడ్మాస్టరు మొహమాటపడ్డాడు.
పిల్లలు పడలేదు.

ఇరవై మూడో రోజున
ఓర్పు అడుగంటి మళ్ళీ బస్సెక్కాను.
కన్నం దగ్గర ఈసారి కొత్త పిల్ల, మిటూ.
సొరుగు లాగింది.
పైనుంచి మూడో కవరు నాదే.
వచ్చి పంతొమ్మిది రోజులు.
"మూడుసార్లు చేశాం మాసీ,
ఎవరో రాంగ్ నంబరంటున్నారు."

రిజిస్టరు ఇటు తిప్పి చూపించింది.
నా నంబరు లింగరాజు ఒడియా అంకెల్లో రాశాడు.
నడుం బిగించి కట్టిన సున్నాలా
ఒడియా నాలుగు
అచ్చం ఇంగ్లీషు ఎనిమిదే.
ఈ పిల్ల ఎనిమిదే నొక్కింది.
తప్పు ఎవరిదంటే ఏం చెప్పను,
నాలుగు నాలుగులాగే ఉంది,
చూసే కన్ను మారింది.

లోపల డాక్టరు అర నిమిషం.
"ఏం లేదు. మంచి గడ్డే. వెళ్ళు."
గడ్డల్లో మంచివీ ఉంటాయని
పంతొమ్మిది రోజులు ఆ సొరుగుకి తెలుసు,
నాకు తెలీదు.

అరుద్దామనే కన్నం దగ్గరికి వచ్చాను.
నా వెనక సీరియల్ ఇరవై ఆరు
చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడింది.
పక్కకి జరిగాను.

మందుల షాపు అరుగు మీద కూర్చుని
నా నంబరు నేనే నొక్కాను,
నాలుగు బదులు ఎనిమిది.
ఓ ముసలి గొంతు. గుణుపురం అట.

"నీ రిపోర్టుకా తల్లీ!
మూడుమాట్లు సేసినారు నాకు.
నాను కాదురా బాబూ అంతే టక్కున పెట్టీసినారు.
అప్పట్నించీ అదే గేనం,
ఎవులో పాపం, ఆలకి తెలిసిందో లేదో అని.
ఏటన్నాడమ్మా డాక్టరు?
బాగున్నావా?"

ఇన్ని రోజుల్లో
కన్నానికి అటువైపు నుంచి
ఎవరూ అడగని మాట.
"బాగున్నాను తాతా" అన్నాను.
అన్నాక గాని ఏడుపు రాలేదు.

తిరుగు బస్సులో ఆ నంబరు దాచుకున్నాను.
పేరు అడగడం మర్చిపోయాను.
ఏం రాయాలో తోచక
కాసేపు ఊరికే చూసి
బెహెరా అని పెట్టాను.